జైలు గేటు నుంచి గూడెం దాకా

(జైళ్ళలో ఉన్నవారి కుటుంబాలతోనూ, ఈమధ్యే విడుదలై వచ్చినవారితోనూ జరిగిన మండల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)

 

మిరప కోతల రోజుల్లో ఒక పూట కూలి పోగొట్టుకుని ఇంతమంది వచ్చారు. ఆ కూలి విలువ మాకు తెలుసు. మా అమ్మ మిరపకాయలు కోసి మంటలెత్తే చేతుల్తోనే అన్నం కలిపి పెట్టి మమ్మల్ని బడికి పంపింది. మా ఇంటి వంశంలో డిగ్రీ కాగితం చూసిన మొదటివాళ్ళం మేమే. అందుకని పెద్ద పెద్ద మాటలు చెప్పి మీ పొద్దు పాడుచెయ్యం. ఒక్క విషయం మాట్లాడుకుందాం. జైలు నుంచి వచ్చినవాడు బయట ఎలా బతకాలి అని అందరూ వాడికే బోధిస్తారు. వాడు రాకముందు మనం ఏం చేసి ఉంచాలి అని ఎవరూ అడగరు. ఇవాళ మనం అది అడుగుదాం.

మన ఉద్యమానికి ఒక అలవాటుంది. అరెస్టయిన రోజున అందరం ఉంటాం. స్టేషన్ ముందు బైఠాయిస్తాం, రాస్తారోకో చేస్తాం, రాత్రికి రాత్రి కరపత్రం వేస్తాం, కలెక్టరుకి మెమోరాండం ఇస్తాం. మనవాణ్ణి వ్యానెక్కించేటప్పుడు ఇచ్చే నినాదం నాలుగూళ్ళకి వినపడుతుంది. మరి అదే మనిషి బయటికొచ్చే రోజున గేటు దగ్గర ఎవరుంటున్నారు? వాడి సంచీ వాడు పట్టుకుని, బస్టాండు ఎటో అడుక్కుంటూ పోతున్నాడు.

1997 మార్చి గుర్తున్నవాళ్ళు ఇక్కడ కొందరైనా ఉంటారు. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో చలపతి, విజయవర్ధనం అనే ఇద్దరు దళిత యువకులకు ఉరి ఖాయమైంది. మేమప్పుడు ఇంటర్ చదువుతున్నాం. ఇరవైముగ్గురి ప్రాణాలు తీసిన ఆ నేరాన్ని మంచిదని ఎవరూ అనలేదు. ఉరికొయ్య దాకా నడిచేది ఎప్పుడూ పేదవాడే, దళితుడే ఎందుకవుతున్నాడని అడిగాం. రచయిత్రి మహాశ్వేతాదేవి పేరు మీద పిటిషన్ పడింది, ఇక ఉరి తీస్తారనగా సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అంటే ఏమిటి? ఉరితాడును ఆపగలిగిన ఉద్యమం మనది. అటువంటి మనకు, విడుదలైనవాడికి బస్సు టిక్కెట్టు కొనిచ్చే తీరిక దొరకలేదు!

ఇంకొకళ్ళని అనడం దేనికి, మా ఇంటి సంగతి చెబుతాం. ఇంతవరకూ సభలో చెప్పలేదు.

మా మేనమామ ఒకాయన ఉండేవాడు. 1998లో మా ఊళ్ళో అంబేడ్కర్ విగ్రహానికి దిమ్మె కట్టేచోట గొడవైంది. దెబ్బలు తిన్నది మనవాళ్ళు. అట్రాసిటీ కేసు పెట్టాం. తెల్లారేసరికి ఎదుటివాళ్ళు మనమీద 307 పెట్టించారు. కౌంటర్ కేసు అంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకి వివరించక్కర్లేదు. మనం పెట్టిన కేసు కోర్టులో నీరుగారింది, వాళ్ళు పెట్టిన కేసు నిలబడింది. 2000లో మామకి ఏడేళ్ళు పడింది. కొంత రెమిషన్ పోను 2005లో వదిలారు.

ఆ రోజు మేమెవరం లేము. విడుదల ఎప్పుడో మాకు సరిగ్గా తెలియదు. కనుక్కోలేదు కాబట్టి తెలియదు. అప్పటికి మాకు డీఎస్సీలో మాస్టరు ఉద్యోగం వచ్చింది, ఉత్తరం రాసి అడగడం చేతకానివాళ్ళం కాదు. ఆయన లారీ ఎక్కి, కొంతదూరం నడిచి, అర్ధరాత్రికి గూడెం చేరాడు. ఇంటికి పోలేదు. తెల్లవార్లూ చర్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎందుకయ్యా అంటే, ఇంట్లో ఎవరుంటున్నారో, తలుపు కొడితే ఎవరు తీస్తారో తెలియక. అత్తయ్య అప్పటికే బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయింది. మామ లోపలికి వెళ్ళేటప్పటికి ఆ పిల్లకు రెండేళ్ళు. తర్వాత కబురు పంపి పిలిపిస్తే ఆ పిల్ల ఈయన్ని చూసి, "అమ్మా, ఎవరో వచ్చారే" అంది.

మా ఇంట్లోనే కొన్నాళ్ళు ఉంచుకున్నాం. తెల్లవారుజామున లెక్క తీసే వేళకి లేచి మంచం పక్కన నిలబడేవాడు. ఒంటికి పోవాలన్నా అడిగి వెళ్ళేవాడు. దగ్గరికి వేసిన తలుపు తానుగా తీసేవాడు కాదు. ఎదురుగా నిలబడి, ఎవరన్నా తీసేదాకా ఆగేవాడు. మా ఆవిడ మొదట్లో అది మర్యాద అనుకుంది. తర్వాత తెలిసింది, అయిదేళ్ళలో ఆయన ఒక్క తలుపు కూడా తన చేత్తో తియ్యలేదని.

ఒకరోజు అడిగాం: "లోపల ఏం పని నేర్చుకున్నావు మామా? జంపఖానాలు నేస్తారంట, వడ్రంగం నేర్పుతారంట గదా?" ఆయన నవ్వాడు. "ఏ ఊరని అడిగారు, ఏ పేటని అడిగారు. చెప్పాను. చీపురు ఇచ్చారు. లోపల కూడా మన పనేరా" అన్నాడు.

అమ్మలారా, ఆ మాటకు సుప్రీంకోర్టు ముద్ర పడటానికి ఇంకో పంతొమ్మిదేళ్ళు పట్టింది. సుకన్యా శాంత అనే జర్నలిస్టు జైళ్ళలో కులం ఎలా నడుస్తోందో రాసి, తానే కోర్టుకెక్కింది. 2024 అక్టోబరు 3న తీర్పొచ్చింది. వంట పని ఫలానా కులాలకు, పాకీ పని ఫలానా కులాలకు అని రాసిపెట్టుకున్న జైలు మాన్యువల్స్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ళకు! అప్పటిదాకా కొన్ని రాష్ట్రాల మాన్యువల్స్‌లో అది అచ్చక్షరాల్లో ఉంది. అచ్చులో లేనిచోట నోటిమాటతో నడిచింది. గడి కొట్టేసినంత మాత్రాన నోటిమాట ఆగుతుందా అని మీరు అడుగుతారు. మేమూ అదే అడుగుతున్నాం.

ఈ తీర్పు గురించి పేపర్లలో వచ్చిందంతా అవమానం గురించే. అవమానం నిజమే. కానీ మాకు తట్టిన సంగతి ఇంకోటుంది. లోపల ఎవరికి ఏ పని ఇస్తారన్నదాన్ని బట్టే బయట వాడి బతుకు ఉంటుంది. ఆఫీసులో రాతపని చేసినవాడు నాలుగు ఫారాలు నింపడం నేర్చుకుని వస్తాడు. వంటశాలలో చేసినవాడు హోటల్లో మాస్టరుగా కుదురుకోవచ్చు. మగ్గం మీద, చెక్కపని మీద, బేకరీలో పెట్టినవాడు ఒక విద్య పట్టుకుని వస్తాడు. అయిదేళ్ళు చీపురు పట్టినవాడు ఏం పట్టుకుని వస్తాడు? మళ్ళీ చీపురే. కాబట్టి జైల్లో పని పంపకం అంటే అది విడుదల తర్వాతి బతుకు పంపకం. మీ బిడ్డో, మొగుడో లోపలుంటే ములాఖత్‌కి వెళ్ళినప్పుడు "తిన్నావా" అని అడుగుతారు. దాంతోపాటు "ఏం పనిచ్చారు" అని కూడా అడగండి. "మా వాడికి ఫలానా పని నేర్పించండి" అని సూపరింటెండెంటు పేరున అర్జీ రాయించండి. రాసేవాళ్ళు లేకపోతే మా బడికి రండి, సాయంత్రం నాలుగున్నర తర్వాత అక్కడే ఉంటాం.

ఇక్కడే ఒక పిడకల వేట. మన దేశంలో జైలుకెళ్ళొచ్చినవాళ్ళందరికీ మచ్చ పడదు. స్వాతంత్ర్య సమరంలో ఆరు నెలలు జైల్లో ఉన్నవారికి 1972 నుంచి పింఛను ఇచ్చారు, తామ్రపత్రాలిచ్చారు. ఇవ్వాల్సిందే, కాదనం. జైలుకెళ్ళొచ్చినవాళ్ళు ముఖ్యమంత్రులయ్యారు, ప్రధానమంత్రులయ్యారు, జైల్లో రాసిన పుస్తకాలు పిల్లలకు పాఠాలయ్యాయి. ఆ పాఠాలు చెప్పేది మేమే. మరి విగ్రహం దిమ్మె కోసం కొట్లాడి వెళ్ళొచ్చిన మా మామ "జైలు కూడు తిన్నోడు" ఎందుకయ్యాడు? జైలు ఒకటే. వెళ్ళినవాడి కులాన్ని బట్టి అది త్యాగమైనా అవుతుంది, మచ్చైనా అవుతుంది.

సరే, లెక్కల్లోకి వద్దాం. 2022 చివరి నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో 4,34,302 మందికి ఏ శిక్షా పడలేదు. విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళే, నూటికి 75 మందికి పైగా. 2011 జనాభా లెక్కల్లో ఆరుగురికి ఒకరం ఉన్న మనం, జైల్లో దాదాపు అయిదుగురికి ఒకరం ఉన్నాం. కాబట్టి జైలంటే శిక్షపడ్డ దొంగలుండే చోటు అని ఎవరన్నా అంటే, మిత్రమా, నాలుగింట మూడొంతుల మంది నేరం చేశారో లేదో ఇంకా ఏ కోర్టూ చెప్పలేదని చెప్పండి. వాళ్ళలో చాలామందిని లోపల ఉంచింది పూచీకత్తు పెట్టలేని పేదరికం.

ఇది కొత్త మాట కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో ఇదే జరిగింది. సుప్రీంకోర్టు బెయిలిచ్చినా కింది మేజిస్ట్రేటు పదివేల పూచీకత్తు అడిగాడు. అన్న జామీను పెడతానంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పదివేలు కొట్టేసి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. అది జరిగి నలభై ఏడేళ్ళు దాటింది. ఇప్పటికీ మన గూడెం మనిషికి జామీను కావాలంటే ఇంటిపన్ను రశీదు ఉన్నవాడి గుమ్మం ముందు నిలబడాలి. ఆ రశీదున్నవాడు చాలాసార్లు కేసు పెట్టినవాళ్ళ బంధువే అయి ఉంటాడు.

మూడేళ్ళ కిందట మన పక్కూరి తమ్ముడు ఒకడికి బెయిల్ వచ్చింది. వచ్చిన తర్వాత కూడా డెబ్బై రోజులు లోపలే ఉన్నాడు. వాళ్ళమ్మకు బెయిలు వచ్చిన సంగతే నలభై రోజులకి తెలిసింది. మేము మా జీతం సర్టిఫికెట్టు పట్టుకుని కోర్టుకు పోయాం. స్టాఫ్‌రూములో తోటి మాస్టర్లు "ఎందుకండీ మీకు? వాడు పారిపోతే మీ జీతం ఆగుద్ది" అన్నారు. నిజమే, భయమేసింది. మాకూ బ్యాంకు లోనుంది, ఇద్దరు పిల్లలున్నారు. అయినా సంతకం పెట్టాం. ఆ తమ్ముడు ఒక్క వాయిదా తప్పలేదు. ఇక్కడున్నాడు, పేరు చెప్పం, సిగ్గుపడతాడు.

అప్పుడు మాకు తెలియని సంగతులు తర్వాత తెలుసుకున్నాం. రాసుకోండి, రాయరానివాళ్ళు పక్కవాళ్ళ చేత రాయించుకోండి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది: బెయిలిచ్చిన కోర్టు ఆ ఉత్తర్వును అదే రోజో మర్నాడో జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి ఈ-మెయిల్లో పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజెయ్యాలి. నెల దాటినా పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. స్థానిక జామీనే కావాలన్న పట్టుదలే ఆలస్యానికి కారణమవుతోందని కూడా అన్నారు. అదే ఏడాది కేంద్రప్రభుత్వం పేద ఖైదీల కోసమని ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీ పూచీకత్తుకు 40 వేల దాకా, శిక్షపడ్డవాడి జరిమానాకు 25 వేల దాకా ఇస్తామని 2023లో అన్నారు. అన్ని రకాల కేసులకూ కాదు, జిల్లా కమిటీ చూసి ఇస్తుంది. జరిమానా కట్టలేక అదనంగా నెలల తరబడి ఉండిపోయేవాళ్ళు మనలో ఎందరో! తీర్పు కాపీ చివరి పేజీ చూడండి, జరిమానా ఎంతో, కట్టకపోతే ఇంకెన్నాళ్ళో అక్కడే ఉంటుంది. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు వకీలు ఉచితం, ఆదాయంతో పని లేదు. ఇది దయ కాదు, హక్కు.

ఇంకోటి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 479 సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు రిమాండులోనే గడిపితే బాండు మీద వదలాలి. మిగతావాళ్ళకు సగం. దరఖాస్తు పెట్టాల్సింది సూపరింటెండెంటే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. వినడానికి బాగుంది కదా? ఇప్పుడు మెలిక చూడండి. ఉరిగాని యావజ్జీవంగాని పడే అవకాశమున్న నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాడికి లేదు. మనమీద పెట్టే కౌంటర్ కేసు ఏది? హత్యాయత్నం. పాత 307, ఇప్పుడు 109. దెబ్బ తగిలిందని రాస్తే అది యావజ్జీవం దాకా పోతుంది. ఒక్క గొడవకు మూడు ఎఫ్.ఐ.ఆర్.లు కట్టడం కూడా మనకు అనుభవమే. చట్టం తలుపు తీస్తుంటే, ఎఫ్.ఐ.ఆర్. రాసేవాడు గడియ పెడుతున్నాడు. కాబట్టి మొదటి రోజునే ఏ సెక్షన్లు రాశారో, ఎన్ని కేసులు కట్టారో కాగితం తెచ్చుకోవాలి. విడుదల కోసం తయారీ అరెస్టయిన రోజునే మొదలవుతుందని మేమనేది ఇందుకే.

ఇక ఊళ్ళో సంగతి. మా మామకు రెండెకరాల బంజరు పట్టా ఉండేది. లోపలున్న అయిదేళ్ళలో మేము ఆయనకు నాలుగు ఉత్తరాలు రాశాం. లెక్కపెట్టి చెబుతున్నాం, నాలుగే. అందులో మూడు ఆ భూమి మీద వేలిముద్ర కోసం రాసినవి. వకీలు ఫీజుకని, ములాఖత్ ఛార్జీలకని, అప్పుకని, మా ఇంటి పెద్దలే ఆ చేను కౌలుకని చెప్పి ఒక పెద్దరైతు చేతిలో పెట్టారు. ప్రభుత్వం ఇచ్చిన పట్టాభూమి చేతులు మారితే చెల్లదని అప్పట్లో 1977 నాటి చట్టముండేది. మాకు తెలుసు, మేము చదువుకున్నవాళ్ళం. అయినా నోరెత్తలేదు. మామ వచ్చి చేను గట్టు మీద నిలబడితే అక్కడ బోరు వేసి ఉంది, ఎవరిదో మోటారు తిరుగుతోంది. ఆయన ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. రైతులు పనికి పిలవలేదు. ముఠా మేస్త్రీ "కేసు మనిషి, మనకెందుకు" అన్నాడు. హైదరాబాదులో వాచ్‌మన్‌గా కుదిరితే, పాత కేసు సంగతి తెలిసి మూడో నెలలో పంపేశారు. ఊళ్ళో చిన్న దొంగతనం జరిగినా స్టేషన్ నుంచి కబురొచ్చేది. 2011లో పోయాడు. జబ్బుతో పోయాడని చెప్పుకున్నాం.

విడుదలైనా విడుదల కానివాళ్ళు మనకు కొత్త కాదు. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చి కులాలకు కులాలనే పుట్టు దొంగలన్నారు. మన ఎరుకల అన్నదమ్ముల్ని స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. రద్దయిన డెబ్బై ఏళ్ళకు కూడా ఆ ఊరి పేరు చెప్పిన పిల్లాణ్ణి చూసే చూపు మారిందా? ఆ ఊళ్ళో హేమలతా లవణం వంటివాళ్ళు ఏళ్ళ తరబడి పనిచెయ్యాల్సొచ్చింది. కాగితం మీద చట్టం కొట్టెయ్యడం ఒకటి, మనిషి నొసటి మీద రాసింది చెరపడం ఇంకొకటి.

ఇప్పుడు ఒక చేదు మాట చెప్పాలి. మగవాడు జైలు నుంచి వస్తే కనీసం తల్లో చెల్లెలో అన్నం పెడుతుంది. ఆడమనిషి వస్తే? మా మండలంలో ఒక అక్క నాటుసారా కేసులో పోయింది. సారా కాయించినవాడు, అమ్మించినవాడు ఊళ్ళో తిరుగుతూనే ఉన్నారు, బిందె మోసినందుకు ఆమె పోయింది. ఆరేళ్ళలోపు పిల్లల్ని తల్లి దగ్గర ఉంచనిస్తారు, కాబట్టి మూడేళ్ళ బిడ్డను వెంట తీసుకుపోయింది. ఏడు నెలల తర్వాత బెయిలు మీద వస్తే మొగుడు ఇంకో మనిషిని తెచ్చుకున్నాడు. అన్నదమ్ములు గడప తొక్కనివ్వలేదు. ఆ బిడ్డ మగవాళ్ళ గొంతు వింటే తల్లి కొంగులో దూరేది. చివరికి పాస్టరమ్మ తన వరండాలో చోటిచ్చింది. సభల్లో సావిత్రీబాయి ఫొటోకి దండలేసే మనం ఆ మొగుణ్ణి ఒక్క మాటడిగామా? మన సంఘంలో సభ్యుడే అతను! మనువాదం అగ్రహారంలోనే ఉంటుందనుకుంటే పొరపాటు. మన పంచలోనూ మంచం వేసుకుని కూర్చుంది.

పిల్లల గురించి మాస్టర్లుగా రెండు మాటలు. మా బడిలో నాలుగో తరగతి పిల్లాడొకడు "మీ నాన్న ఏం చేస్తాడురా" అంటే "గల్ఫ్ పోయాడు సార్" అనేవాడు. గల్ఫ్ నుంచి ఏం పంపాడని తోటిపిల్లలు అడుగుతారు కదా. వాడు రోజూ ఒక అబద్ధం అల్లాలి. అలా అల్లీ అల్లీ వాడు బడికి రావడమే తగ్గించాడు. మేము వాణ్ణి పక్కకు పిలిచి, మీ నాన్న ఎక్కడున్నాడో మాకు తెలుసు, ఒక ఉత్తరం రాద్దామా అన్నాం. పోస్టుకార్డు మీద వాడు రాసిందంతా ఇదే: తెలుగు 41, లెక్కలు 38, ఇంగ్లీషు 22. కింద పేరు. ఆ తండ్రి ఆ కార్డు బ్యారక్‌లో అందరికీ చూపించాడని తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో ఎందుకు తగ్గాయో కనుక్కోమని మాకు జవాబు రాశాడు. బయటికి వచ్చేవాడికి బయట ఒక పని ఉండాలి. కొడుకు ఇంగ్లీషు మార్కులు చూసుకోవడం కూడా పనే.

యువకులకు ఒక జాగ్రత్త. కేసులో ఇరుక్కున్నంత మాత్రాన ఉద్యోగం జన్మలో రాదని కొందరు పుస్తకాలు మూటగట్టేస్తున్నారు. పద్దెనిమిదేళ్ళలోపు జరిగినదానికి 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం మామూలుగా అనర్హత ఉండదు. ప్రొబేషన్ మీద కోర్టు వదిలితే 1958 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ నేరం వల్ల అనర్హత రాదు. అందుకని శిక్ష మీద వాదన జరిగేటప్పుడే వకీలుకి ప్రొబేషన్ మాట గుర్తుచెయ్యండి, తర్వాత అనుకుని లాభం లేదు. వెరిఫికేషన్ ఫారంలో మాత్రం దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలివ్వడం వంటి చిన్న కేసుల్ని యజమాని పట్టించుకోకుండా వదిలెయ్యొచ్చంది. కానీ కావాలని దాచడం ఉద్యోగానికే ముప్పు తెస్తుంది. మన పిల్లలు కేసు వల్లకంటే దాచడం వల్ల ఎక్కువ పోగొట్టుకుంటున్నారని మా అనుమానం.

కాగితాల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాం, అమ్మలు లేచి నిలబడుతున్నారు. మనిషి లోపలుంటే రేషన్ కార్డులో పేరు ఎగిరిపోతుంది. ఓటర్ల జాబితాలో "ఊళ్ళో లేడు" అని కొట్టేస్తారు. జైల్లో ఉన్నంతకాలం ఓటు వెయ్యనివ్వరు నిజమే, బయటికొచ్చాక ఓటు వాడిదే. బ్యాంకు ఖాతా కదలిక లేక ఆగిపోతుంది. ఆధారుకి ఉన్న ఫోను నంబరు ఎవరి దగ్గరో ఉంటుంది. వచ్చినవాడు మొదటి నెలంతా సచివాలయం చుట్టూ తిరిగి, ఏ కౌంటరు దగ్గర చూసినా "ఇన్నాళ్ళు ఎక్కడున్నావు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఆ ప్రశ్న వాడికి పడకుండా ముందే మనం తిరుగుదాం. అప్పు ఎంతుందో, ఎవరికో, వడ్డీ ఎంతో ఒక పుస్తకంలో రాసి ఉంచుదాం. భూమి ఎవరి చేతిలో ఉందో నిజం చెబుదాం. భార్య ఉండనంటే ఆ సంగతి ములాఖత్‌లోనే చెప్పే ధైర్యం చేద్దాం. గేటు దాటాక తెలిస్తే ఆ రాత్రి మనిషి ఏం చేసుకుంటాడో మనకు తెలియదు.

పని గురించి కూడా. తెలంగాణలో జైళ్ళశాఖ పెట్రోలు బంకులు నడుపుతూ విడుదలైనవాళ్ళకు కొందరికి అక్కడే పనిచ్చింది. మంచిదే. కానీ బంకులెన్ని, వచ్చేవాళ్ళెందరు? మన సంఘంలో తాపీమేస్త్రీలున్నారు, ఆటోలున్నవాళ్ళున్నారు, టెంట్‌హౌసు నడిపే అన్న ఉన్నాడు. ఒక్కొక్కరు ఒక్క మనిషిని ఆరు నెలలు వెంట తిప్పుకుంటే చాలు. కూలి ఇవ్వాలి సుమా, సేవ పేరుతో ఊరికే చేయించుకోవద్దు.

వచ్చే నెల పన్నెండో తారీఖున మన మండలం తమ్ముడొకడు విడుదలవుతున్నాడు. నాలుగేళ్ళు అయింది. ఈసారి తేదీ సూపరింటెండెంటు ఆఫీసుకు రాసి కనుక్కున్నాం. రెమిషన్ లెక్కలో ఒకటి రెండు రోజులు ముందే రావచ్చు, కాబట్టి పదో తారీఖు నుంచే ఒక మనిషి ఆ ఊళ్ళో ఉండాలి. వాళ్ళ నాన్న చేను కౌలు సంగతి వచ్చే ఆదివారం పెద్దమనుషుల ముందు పెడుతున్నాం, ఎవరూ తప్పించుకోవద్దు. ఆటో కిరాయి మేము పెట్టుకుంటాం. ఒక జత బట్టలు, చెప్పులు కావాలి, చెప్పుల సైజు ఎనిమిదని వాళ్ళమ్మ చెప్పింది. ఇంటి తలుపు దగ్గరికి వచ్చాక మాత్రం ఎవరూ ముందుకుపోయి తీయొద్దు. వాడే తియ్యనివ్వండి.

గేటు దగ్గరికి ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పండి, రాసుకుంటాం.

జై భీమ్!